పారిపోని రంగులు: దామెర్ల రామారావు

తెలుగు సాహిత్యం కాస్త చదివేవాళ్లకు పలాయనవాదం అనే మాట బాగా పరిచయం. బయట కరువు, జైళ్లు, ఉద్యమాలు నడుస్తుంటే ఇంట్లో కూర్చుని వెన్నెల గురించి, ప్రేయసి గురించి రాసుకునేవాళ్ల మీద వేసిన ముద్ర అది. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టాక భావకవుల మీద ఆ ముద్ర ఇంకా గట్టిగా పడింది. కవుల మీద ఈ వాదన పేజీలకు పేజీలు నడిచింది. కానీ భావకవిత్వం ఊపందుకున్న ఆ రోజుల్లోనే, గోదావరి గట్టునే, అదే అందాన్ని రంగుల్లో గీసిన మనిషి ఒకరున్నారు. ఆయన విషయంలో కూడా ఆ ప్రశ్న అడగాలి. అందాన్ని గీయడం అంటే బాధ నుంచి పారిపోవడమేనా?

ఆయన పేరు దామెర్ల రామారావు. రాజమండ్రిలో ఆయన పేరుతో ఒక ఆర్ట్ గ్యాలరీ ఉంది. అమలాపురంలో బస్సెక్కితే కొత్తపేట, రావులపాలెం మీదుగా రెండు గంటల్లో రాజమండ్రిలో ఉంటాం. షాపింగ్‌కి, సినిమాకి, హాస్పిటల్‌కి మన కోనసీమ వాళ్లం అక్కడికి ఎన్నిసార్లు వెళ్తామో లెక్కే లేదు. ఆ గ్యాలరీ గుమ్మం తొక్కినవాళ్లు మాత్రం మనలో చాలా తక్కువ. అందుకే ఆయన జీవితం మొదటి నుంచీ చెప్తాను.

రామారావు గారు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. భావకవిత్వం అనగానే గుర్తొచ్చే దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు కూడా అదే ఏడాది పిఠాపురం దగ్గర పుట్టారు. గోదావరి మీద హేవలాక్ వంతెన పని మొదలైంది కూడా ఆ ఏడాదే. 1900లో దాని మీద రైళ్లు నడిచాయి. అంటే రామారావు గారికి ఊహ తెలిసేసరికే మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే రైలు వాళ్ల ఊరి పక్క నుంచి నది దాటిపోతోంది. ఊరు కూడా మామూలు ఊరు కాదు. కందుకూరి వీరేశలింగం గారు 1881లో వితంతు వివాహం జరిపించింది ఇక్కడే. కొత్త ఆలోచన ఏదైనా గోదావరి జిల్లాల్లోకి ముందు రాజమండ్రి గుమ్మంలోంచే వచ్చేది.

కానీ బొమ్మల సంగతి వేరు. పిల్లాడు బాగా బొమ్మలేస్తున్నాడంటే ఇంట్లోవాళ్లు ముచ్చటపడతారు గానీ, అదే బతుకుతెరువు అంటే ఒప్పుకోరు. ఇప్పుడు కూడా అంతే కదా. నూరేళ్ల కిందట ఇంకెలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. ఆంధ్ర ప్రాంతంలో అప్పటికి చిత్రకళ పద్ధతిగా నేర్చుకుందామంటే చేరడానికి తగిన చోటే లేదు.

ఆ టైంలో రామారావు గారు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర కంట్లో పడ్డారు. కూల్డ్రే రాజమండ్రి గవర్నమెంట్ ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్. పేరులో ఆర్ట్స్ ఉంది గానీ అది బొమ్మలు నేర్పే కాలేజీ కాదు. అయితే ఆ ప్రిన్సిపాల్‌కి మాత్రం బొమ్మలన్నా, కవిత్వమన్నా ప్రాణం. స్వయంగా రాసేవారు, గీసేవారు. తెలుగు కుర్రాళ్లలో ఎవరికి ఏ విద్య ఉందో కనిపెట్టి దగ్గరకు తీసేవారు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు, వరదా వెంకటరత్నం, రామారావు వీళ్లంతా ఆయన చుట్టూ చేరినవాళ్లే. పాలించే దేశం నుంచి వచ్చిన మనిషి మన కుర్రాళ్లకు మన అజంతా గొప్పదనం చెప్పడం కాస్త వింతగానే ఉంటుంది. కానీ జరిగింది అదే. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు గారు 1916లో బొంబాయి వెళ్లి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. అప్పుడు ఆయన వయసు పంతొమ్మిది. ఈ మ్యాగజైన్ చదువుతున్న మనలో చాలామందిది అదే వయసు.

జె.జె. స్కూల్లో నేర్పింది యూరప్ పద్ధతి. ఎదురుగా మనిషిని నిలబెట్టి చూసి గీయడం, ఎముకలు కండరాలు ఎక్కడెలా ఉంటాయో తెలుసుకోవడం, వెలుగు ఎటు నుంచి పడితే నీడ ఎటు పడుతుందో లెక్క కట్టడం, తైలవర్ణాలు వాడటం. సెలవుల్లో ఊళ్లు తిరిగారు. అజంతా, ఎల్లోరా చూశారు. గుజరాత్ వైపు కథియవాడ్ తిరిగి అక్కడి మనుషుల్ని, వాళ్ల బట్టల్ని స్కెచ్ వేసుకున్నారు. చేతిలో స్కెచ్‌బుక్ లేకుండా ఆయన ఎక్కడికీ వెళ్లలేదేమో అనిపించేన్ని పెన్సిల్ బొమ్మలు మిగిల్చారు.

ఆయన చేసిన పని అర్థం కావాలంటే అప్పటికి మన దేశంలో ఉన్న రెండు దారులు తెలియాలి. ఒకటి రవివర్మ దారి. రవివర్మ 1906లో పోయారు గానీ ప్రెస్సులో అచ్చేసిన ఆయన లక్ష్మి, సరస్వతి పటాలు ఇంటింటి గోడల మీదా ఉన్నాయి. నూనె రంగుల మెరుపు, బరువైన పట్టుచీరలు, నాటకం స్టేజి మీద నిలబడినట్టుండే దేవతలు. రెండోది బెంగాల్ దారి. అవనీంద్రనాథ్ ఠాగూర్, ఆయన శిష్యులు యూరప్ పద్ధతి వద్దనుకుని నీటిరంగుల్ని కడిగి, మళ్లీ పూసి, మళ్లీ కడిగి బొమ్మ మొత్తానికి మంచు పట్టినట్టు ఒక మసక తెచ్చారు. 1920లలో బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ ఆ దారిలో పాఠాలు చెప్పారు. అడివి బాపిరాజు అక్కడ నేర్చుకున్నారు.

రామారావు గారు రెంటిలోనూ పూర్తిగా దిగలేదు. బొంబాయిలో నేర్చిన శరీర నిర్మాణం వదల్లేదు, అజంతాలో చూసిన గీత వదల్లేదు. ఆయన బొమ్మల్లో మసక లేదు. గీత స్పష్టంగా ఉంటుంది, రంగులు పలచగా, పగటి వెలుతురులా ఉంటాయి. మనుషులు దేవతల్లా కాకుండా మనుషుల్లా కూర్చుంటారు, నిలబడతారు. పలాయనం అనే ప్రశ్నకు ఇది చాలా ముఖ్యం. కలలోకి వెళ్లిపోవాలనుకునేవాడికి మసక బాగా ఉపయోగపడుతుంది. ఈయన ఆ మసకనే వద్దనుకున్నారు.

1920 నాటికి చదువు అయిపోయింది. ఇప్పటి మన భాషలో చెప్పాలంటే మంచి కాలేజీ నుంచి డిగ్రీతో బయటికొచ్చారు. బొంబాయిలో ఉండిపోతే బొమ్మలు కొనే డబ్బున్నవాళ్లున్నారు, ప్రదర్శనలున్నాయి, పత్రికలున్నాయి. రాజమండ్రిలో ఇవేవీ లేవు. పైగా ఆయన్ని బొంబాయి పంపిన కూల్డ్రే కూడా 1919లోనే ఇంగ్లండ్ వెళ్లిపోయారు. అయినా రామారావు గారు వెనక్కే వచ్చేశారు. ఊళ్లోనే చిత్రకళాశాల పెట్టారు. స్నేహితుడు వరదా వెంకటరత్నం తోడు నిలిచారు. భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా కుంచె పట్టారు. ఆడపిల్లకు అక్షరాలు నేర్పడమే ఇంకా చర్చగా ఉన్న రోజుల్లో ఒక ఇంటి ఆడవాళ్లు చిత్రకారులయ్యారు. ఇది ఆయన ఏ కాన్వాసు మీదా సంతకం పెట్టని పని. నాకైతే ఆయన బొమ్మలంత విలువైనదే అనిపిస్తుంది.

ఆయన బొమ్మలు మాత్రం చాలా దూరం వెళ్లాయి. 1922లో కలకత్తా ప్రదర్శనలో ఋష్యశృంగ బంధనం అనే చిత్రానికి బహుమతి వచ్చింది. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ ఎంపైర్ ఎగ్జిబిషన్‌కు కూడా ఆయన చిత్రాలు వెళ్లాయి.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న దగ్గరకు వద్దాం. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేశారు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. ఆ పోరాటం 1924 మే 7న సీతారామరాజును చంపేదాకా నడిచింది. ఇదంతా ఎక్కడో కాదు, రాజమండ్రికి పైన తూర్పు కనుమల్లోనే. అంతకు ముందు ఏడాదే చీరాల, పేరాల జనం పన్ను కట్టబోమని ఇళ్లు వదిలి బయటికొచ్చేశారు. సరిగ్గా ఆ ఏళ్లలో రామారావు గారు సిద్ధార్థ రాగోదయం గీస్తున్నారు, పుష్పాలంకరణ గీస్తున్నారు, కార్తీక పౌర్ణమి, నంది పూజ గీస్తున్నారు. తూర్పు కనుమల మధ్య గోదావరిని కూడా ప్రశాంతంగా గీశారు. మనకు పేరు తెలిసిన ఆయన చిత్రాల్లో ఎక్కడా తుపాకీ కనపడదు, పోలీసు కనపడడు.

ఇది ఆయన మీద పెట్టగలిగిన గట్టి ఆరోపణే. దీన్ని మాటలు చెప్పి దాటెయ్యకూడదు. కొండ మీద మన్యం వాళ్లను పోలీసులు వేటాడుతుంటే కొండ కింద ఒకాయన పూలు పెట్టుకునే ఆడవాళ్లను గీశారన్నది నిజం. ఆ మన్యం మనుషుల ముఖాలు అప్పటి తెలుగు రంగుల్లో మనకు మిగల్లేదన్నదీ నిజమే. ఆ వెలితి ఆయన బొమ్మల్లో ఎప్పటికీ ఉంటుంది.

అయితే ఆయన ఏ కథలు ఎంచుకున్నారో ఒకసారి చూడండి. సిద్ధార్థుడి కథలో పలాయనవాద ఆర్కిటెక్చర్‌కి మొదటి ఉదాహరణ ఉంది. కొడుకు సన్యాసి అయిపోతాడేమోనని భయపడి శుద్ధోదనుడు మూడు కాలాలకు మూడు మేడలు కట్టించాడు. లోపలికి ముసలితనం రాకూడదు, రోగం రాకూడదు, చావు రాకూడదు. అందం తప్ప ఇంకేమీ కనపడని భవనం. రామారావు గారు ఆ మేడల సుఖాన్ని గీయలేదు. అర్ధరాత్రి గుర్రమెక్కి వెళ్లిపోయే ఫేమస్ సీన్ కూడా గీయలేదు. ఆయన ఎంచుకున్నది ఆ రెంటికీ మధ్య క్షణం. వరసగా వస్తున్న యువతులకు కానుకలు ఇస్తున్న సిద్ధార్థుడు యశోధరను చూసి మొదటిసారి ఒక మనిషి వైపు మనసు తిప్పుకున్న క్షణం. అందుకే రాగోదయం.

ఋష్యశృంగుడి కథ కూడా అలాంటిదే. తండ్రి విభాండకుడు అతన్ని లోకమే తెలియకుండా అడవిలో పెంచాడు. అంగదేశంలో వానల్లేక కరువొచ్చింది. ఋష్యశృంగుడు అడుగు పెడితే వాన పడుతుందన్నారు. అతన్ని ఆశ్రమం నుంచి బయటికి రప్పించడానికి రాజు వేశ్యల్ని పంపాడు. అతను వచ్చాడు, వాన వచ్చింది. మామూలుగా ఈ కథను తపస్సు చెడిపోయిన కథలా చెప్తారు. ఇంకో వైపు నుంచి చూస్తే, అడవిలో దాక్కున్న పుణ్యం ఊరి కరువుకు ఉపయోగపడిన కథ. సిద్ధార్థుడికి మేడ గోడ, ఋష్యశృంగుడికి అడవి గోడ. రెండు బొమ్మల్లోనూ గోడ దాటుతున్న మనిషే ఉన్నాడు. రామారావు గారు కావాలనే ఇలా ఎంచుకున్నారని నేను అనను. కానీ లోకం నుంచి పారిపోయేవాడు లోకంలోకి వస్తున్నవాళ్లను ఇంత ప్రేమగా గీస్తాడా?

మిగతా బొమ్మలకు అసలు కథే లేదు. పుష్పాలంకరణ అంటే పూలతో అలంకరించుకోవడం, అంతే విషయం. మన అమ్మమ్మలు సాయంత్రం అరుగు మీద చేసిన పనే. రాణి కాదు, దేవత కాదు, పురాణం లేదు. మన ఆడవాళ్లు కూర్చునే తీరు, చీర కట్టు, జడ, మెడ వంపు కూడా ఒక పెద్ద చిత్రానికి సరిపోయేంత విషయమని ఆయన నమ్మారు. పరాయి పాలనలో మన వాళ్లకు మనం తక్కువవాళ్లమనే చెప్పిన కాలంలో, నువ్వు చూడదగ్గ మనిషివి అని బొమ్మతో చెప్పడం చిన్న పని కాదు. అది ఉద్యమం కాకపోవచ్చు. పారిపోవడం మాత్రం కాదు.

ఈ తేడా కోనసీమలో ఉండేవాళ్లకు బాగా అర్థం కావాలి. ఎందుకంటే ఇప్పుడు మన ఊళ్లే పారిపోవడానికి వచ్చే చోటు అయిపోయాయి. ఆంధ్రా కేరళ అని పేరు పెట్టారు. దిండిలో రిసార్టులు, హౌస్ బోట్లు. వీకెండ్‌కి సిటీ జనం వచ్చి రెండు రోజులుండి వీడియోలు తీసుకుని వెళ్తారు. రిసార్ట్ డిజైన్ ఎక్కడైనా దాదాపు ఒకటే. బయట ఎత్తైన ప్రహరీ, లోపల కాంక్రీట్ గది మీద తాటాకు కప్పు, గదిలో ఏసీ, ఎదురుగా నది ఉన్నా పక్కనే ఒక స్విమ్మింగ్ పూల్. పల్లెటూరు కనపడాలి కానీ పల్లెటూరి వాసన, దోమ, బురద లోపలికి రాకూడదు. శుద్ధోదనుడి ప్లానే ఇది, కాకపోతే ఆన్‌లైన్ బుకింగ్ ఉంది. వచ్చేవాళ్లను తప్పు పట్టడం లేదు, వాళ్లకూ అలసట ఉంటుంది. రిసార్టుల్లో మనవాళ్లకు నాలుగు ఉద్యోగాలు దొరికినా మంచిదే.

కానీ ఆ వీడియోల్లో లేని కోనసీమ ఒకటుంది. 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 1996 నవంబరు తుఫానులో వందల మంది పోయారు, కొబ్బరి తోటలకు తోటలే నేలకూలాయి. 2011లో గిట్టుబాటు కాక రైతులు వరి వేయబోమని పంట విరామం ప్రకటించారు. రాజోలు, మలికిపురం వైపు చాలా ఇళ్ల నుంచి ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉంటారు. బయటివాళ్లు పారిపోయి ఇక్కడికి వస్తుంటే ఇక్కడివాళ్లు బతుకు కోసం బయటికి వెళ్తున్నారు. మన బ్యాచ్‌లోనూ హైదరాబాద్, బెంగుళూరు ఆఫర్ లెటర్ కోసం ఎదురు చూడనివాళ్లు ఎంతమంది? వెళ్లడం తప్పు కాదు. రామారావు గారు కూడా వెళ్లారు. నేర్చుకోవడానికి వెళ్లి, నేర్చుకున్నది ఊరికి తెచ్చారు.

కొబ్బరాకు మీద పడ్డ వెలుతురు రిసార్ట్ బ్రోచర్‌లోనూ అందంగానే ఉంటుంది, రామారావు గారి నీటిరంగుల్లోనూ అందంగానే ఉంటుంది. బ్రోచర్‌లో మనుషులు ఉండరు. ఉన్నా నవ్వుతూ ట్రే పట్టుకుని ఉంటారు. రామారావు గారి బొమ్మలో మనిషే ముందుంటాడు. ఆ మనిషిని ఆయన గంటల తరబడి చూసి ఉంటేనే ఆ చెయ్యి అలా వంగుతుంది. పారిపోయేవాడికి అంతసేపు చూసే ఓపిక ఉండదు.

ఆయనకు మాత్రం టైం దొరకలేదు. మశూచి వచ్చి 1925 ఫిబ్రవరి 6న చనిపోయారు. ఇంకో నెల ఉంటే 28 నిండేవి. జెన్నర్ మశూచికి టీకా కనిపెట్టి అప్పటికి నూరేళ్లు దాటిపోయింది, అయినా మన దేశంలో ఆ జబ్బు ఊళ్లను ఊడ్చేస్తూనే ఉంది. ఏ మేడ గోడా ఆపలేని మూడింటిలో రోగం ఒకటని సిద్ధార్థుడి కథే చెప్పింది. అదే ఏడాది కృష్ణశాస్త్రి గారి కృష్ణపక్షం వచ్చింది. ఆ కవి ఇంకో 55 ఏళ్లు బతికి 1980లో పోయారు. విమర్శలు విన్నారు, మారారు, సినిమాలకు పాటలు రాశారు. రామారావు గారికి మారే అవకాశమే లేదు. 1930 ఉప్పు సత్యాగ్రహం ఆయన చూసి ఉంటే ఏం గీసేవారు, 1943లో అభ్యుదయవాదులు ఎదురుపడితే ఏం చేసేవారు అనేది ఎవరం చెప్పలేం. ఆయన పని మొత్తం బొంబాయి నుంచి తిరిగొచ్చాక దొరికిన అయిదేళ్ల లోపు సమయంలో చేసిందే ఎక్కువ.

ఆ తర్వాత జరిగింది కూడా ఆయన జీవితంలో భాగమే. సాధారణంగా చిత్రకారుడు పోతే బొమ్మలు తలా ఒకటి పట్టుకుపోతారు, కొన్ని అమ్ముడుపోతాయి, కొన్ని అటక మీద చెదలు పడతాయి. ఇక్కడ అలా జరగలేదు. వరదా వెంకటరత్నం గారు స్నేహితుడి బడిని వదల్లేదు, బొమ్మల్ని కాపాడారు. సత్యవాణి గారు, బుచ్చికృష్ణమ్మ గారు ఆ పేరును నిలబెట్టారు. చివరికి ఆయన పేరుతో గ్యాలరీ, చిత్రకళా పాఠశాల ఊళ్లోనే నిలిచాయి. తైలవర్ణాలు, నీటిరంగులు, పెన్సిల్ స్కెచ్‌లు చాలా వరకు ఒకే చోట, గోదావరికి దగ్గర్లో ఉన్నాయి. ఢిల్లీ వెళ్లక్కర్లేదు, లండన్ వెళ్లక్కర్లేదు.

ఈసారి రాజమండ్రి వెళ్లినప్పుడు ఒక గంట మిగుల్చుకోండి. ఫోన్ జేబులో పెట్టుకుని ఒక్క బొమ్మ ముందు పది నిమిషాలు నిలబడండి. కొండకు, నదికి ఆయన ఏ రంగు వాడారో చూడండి. తర్వాత తిరుగు బస్సులో ధవళేశ్వరం దాటాక కిటికీ పక్కన కూర్చోండి. అక్కడి నుంచి గోదావరి పాయలుగా విడిపోయి మన ఊళ్ల వైపే వస్తుంది. గట్టు మీద కొబ్బరి కాయలు ఒలిచేవాళ్లు, రేవులో బట్టలు ఉతికేవాళ్లు కనపడతారు. వాళ్లను అంత శ్రద్ధగా చూసి గీసేవాళ్లు మన కోనసీమ నుంచి ఇంకా రావాలి.